కరకట్ట ఓర్చుకునే బరువు

పందొమ్మిదివందల అరవైల్లో నేను బెంగాల్లో, గార్డెన్ రీచ్‌లో మా మిషన్ నడిపే చిన్న ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. మా ఆయన అక్కడే ఓడల కార్ఖానాలో ఫిట్టరు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే. ఆసుపత్రి వెనక మాకు రెండు గదుల ఇల్లు ఇచ్చారు. ముందు వరండా, పక్కన చర్చి, చర్చి వెనక ఖాళీ స్థలం. ఆ స్థలంలో ఒక పెద్ద లారీ నిలబడి ఉండేది.

అది యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బండి. నాలుగు చక్రాలూ లాగే రకం కాబట్టి రోడ్డు లేని చోట కూడా పోగలదని మిషన్ పెద్దలు కొన్నారు. వారానికి ఒకసారి అందులో మందులు వేసుకుని, బడ్జ్ బడ్జ్ దాటి, నది వెడల్పయ్యే చోట ఉన్న పల్లెలకి వెళ్ళేవాళ్ళం. జూట్ మిల్లులూ నూనె డిపో టాంకులూ దాటాక కొంతదూరం కంకర రోడ్డు, ఆ తరవాత మట్టి కరకట్ట. ఒకవైపు నది, ఒకవైపు వరిచేలు, మధ్యమధ్య కట్టని ఆనుకుని ఇళ్ళు. కట్ట చివర ఒక బడి ఉండేది. దాని ఆవరణలో లారీ ఆపి మందులిచ్చేవాళ్ళం.

వెళ్ళేది ముగ్గురం. డాక్టరుగారు బెంగాలీ ఆవిడ, యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, మాటలు తక్కువ. డ్రైవరు మా వైపువాడే, బొబ్బిలి దగ్గర. యుద్ధంలో బర్మా సరిహద్దు దాకా ఇలాంటి బళ్ళే తోలాడట. నేను అతన్ని అన్నయ్యా అనేదాన్ని. ఆ వరసన మా ఆయనా అతనూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

ఒక ఏడు వానాకాలం చివర్లో, దుర్గాపూజ సందడి అయిపోయిన వారం, కట్ట ఎక్కే చోట ఒక ముసలి రైతు మా లారీకి అడ్డంగా నిలబడ్డాడు. ఊళ్ళో అందరూ కాకా అని పిలిచే పెద్దమనిషి. కట్ట బాగోగులు చూసేది ఆయనే. కోపంగా ఏమీ లేడు. డాక్టరుగారికి నమస్కారం పెట్టి, ఒకసారి దిగి చూడమన్నాడు.

తూము ఉన్న చోట కట్ట అంచు విరిగి చేలోకి జారింది. మేము కిందటి వారం వెళ్ళిన జాడ అక్కడ స్పష్టంగా ఉంది. పోటు సమయంలో ఆ గండి గుండా ఉప్పు కలిసిన నది నీళ్ళు చేలోకి వచ్చి, ఒక మడి మేర పైరు పసుపురంగుకి తిరిగింది. కాకా గొంతుక్కూర్చుని చక్రం పడ్డ గాడిలో చెయ్యి పెట్టి చూపించాడు. మణికట్టు దాటి మునిగింది.

"దీదీమణి, మీ మందులు మాకు కావాలి. ఈ కట్టా కావాలి" అన్నాడు బెంగాలీలో. "చలికాలమంతా రండి, మట్టి గట్టిగా ఉంటుంది. మళ్ళీ వానలు పడేటప్పటికి ఈ బండి బరువు తగ్గించండి. తగ్గించలేకపోతే రావద్దు. నేను చెప్పకపోతే ఇంకొకడు రాళ్ళు పట్టుకుని చెప్తాడు."

డాక్టరుగారు వంగి ఆ పసుపురంగు పైరు దుబ్బు ఒకటి పట్టుకుని చూశారు. తిరుగు దారిలో ఒక్క మాటే అన్నారు. "సిస్టర్, మీ ఆయన్ని అడుగు. ఆయన చెయ్యగలడేమో."

ఆ సాయంత్రం మా ఆయనకి అన్నం వడ్డిస్తూ చెప్పాను. ఆయన కంచంలో చెయ్యి ఆపాడు.

"ఓడల్ని తేల్చడం తెలుసు గానీ, లారీని తేల్చడం ఏటో నాకు తెల్దు" అన్నాడు. మరికాసేపటికి, "సూద్దాం. ముందు ఎంత తూగుతాదో సూడాలి కదేటి" అన్నాడు.

ఎరిగినవాళ్ళని పట్టుకుని, ఒక జూట్ మిల్లులో బేళ్ళు తూచే పెద్ద కాటా మీద లారీని ఎక్కించారు. ఖాళీ లారీ నిండు లారీలా తూగిందట. ఇంటికొచ్చి మా ఆయన నవ్వాడు. ఆ నవ్వులో సగం దిగులు.

పని ఆదివారాలే. ఆయనకి సెలవు ఆ ఒక్కరోజే. చర్చి పక్కన సుత్తి చప్పుడు ఏమిటని పాస్టరుగారు మొదట ఒప్పుకోలేదు. ఆరాధన అయిపోయి, చివరి మనిషి గేటు దాటేదాకా పానా ముట్టుకోనని మా ఆయన మాటిచ్చాకే సరేనన్నారు. ఆదివారం బట్టలు మార్చుకుని, పాత నిక్కరు వేసుకుని ఆయన లారీ కిందకి దూరితే మళ్ళీ చీకటి పడ్డాకే బయటికి వచ్చేవాడు.

మొదటి ఆదివారం ఒక్క సామానూ తీయలేదు. మట్టే తీశారు. చాసీ పట్టీల సందుల్లో, మడ్‌గార్డుల లోపల, వెనక నేల రేకుల కింద ఎన్ని వానాకాలాల బురదో రాయిలా గట్టిపడి ఉంది. ఉలి పెట్టి కొట్టి తీస్తుంటే తట్టలు తట్టలు వచ్చింది. అందులో ఒక తుపాకీ గుండు తొడుగు, ఎవరిదో చెప్పు అట్ట, గుర్రపు నాడా దొరికాయి. బర్మా మట్టో బెంగాల్ మట్టో తెలియకుండా ఇన్నాళ్ళూ మోసుకుని తిరిగామని డ్రైవరన్నయ్య తల ఊపాడు. మూడో ఆదివారానికి పాస్టరుగారే చొక్కా చేతులు మడిచి తట్ట పట్టారు.

తరవాత ఇనుము. కప్పు మీద తుపాకీ బిగించే ఇనప చట్రం ఇంకా అలాగే ఉంది. దాన్ని కోసేశారు. వెనక గోడలు మందపాటి రేకులు. అవి విప్పి సన్నటి టేకు బద్దల మీద తెరపాల్ గుడ్డ కట్టారు. నేల రేకు రెండు పొరలుంది. పై పొర తీసేసి చెక్క పరిచారు. ఇనప బెంచీల చోట నవారు బెంచీలు వచ్చాయి. డాక్టరుగారి పరీక్ష మంచం పోత ఇనుముతో చేసింది. నలుగురు ఎత్తితే గానీ కదిలేది కాదు. దాన్ని తీయడానికి ఆవిడ మొదట ఒప్పుకోలేదు.

"గర్భిణి పడుకున్నప్పుడు కింద కదలకూడదు" అన్నారు.

మా ఆయన మరో వారానికి మడత పెట్టే కర్ర మంచం ఒకటి చేసి తెచ్చి, తానే దాని మీద పడుకుని అటూ ఇటూ దొర్లి చూపించాడు. ఆవిడ నవ్వు ఆపుకుని, "సరే దాదా, లెండి" అన్నారు.

ఎక్కడా లేని గొడవ వించి దగ్గర వచ్చింది. బండి బురదలో దిగబడితే ఏ చెట్టుకో ఇనపతాడు కట్టి తనని తానే లాక్కోవడానికి ముందు బంపరు మీద ఉండే చక్రం అది. తాడూ గేర్లూ కలిపి ఒక మనిషికి మించిన బరువు. అదంతా ముందు చక్రాల మీదే. తూము దగ్గర అంచు విరగ్గొట్టింది ముందు చక్రమే.

"ఇది తీసేద్దాం బావా" అన్నాడు మా ఆయన.

డ్రైవరన్నయ్య పానా కింద పెట్టేశాడు. "అది తీసిన బండి నాను తోలను."

"దీని బరువుకే గదా దిగబడతంది."

"దిగబడ్డాక నువ్వొచ్చి లాగుతావేటి? బర్మా దారిలో వానకి కొండ జారిపోతే, ఎనకాల బళ్ళు ఎనకాలే ఉండిపోనాయి. ఈ తాడుంది కాబట్టి మా బండి పైకొచ్చినాది. నీకు తెల్దు బావా. నాకు తెలుసు."

మా ఆయన మళ్ళీ లారీ కిందకి దూరాడు. ఆ తరవాత కొన్ని ఆదివారాలు ఇద్దరూ పక్కపక్కనే పనిచేశారు కానీ మాట్లాడుకోలేదు. నేను మట్టిపిడతల్లో టీ తెస్తే ఒకరు లారీకి అటు, ఒకరు ఇటు కూర్చుని తాగేవారు. బావా అన్న పిలుపే లేదు. నాకు ఎవరి పక్కన నిలబడాలో తెలిసేది కాదు.

ఆ మధ్యలో మా ఆయన లెక్క కూడా ఒకటి తప్పింది. వెనక బరువంతా తీసేసరికి, చక్రాల మీద స్ప్రింగుల్లా వంగే కమాను పట్టీలు బిర్రబిగిసిపోయాయి. మోసే బరువు లేక బండి ఎగిరెగిరి పడేది. ఆ వారం బడి దగ్గరికి చేరి పెట్టె మూత తీస్తే దగ్గు మందూ జ్వరం మందూ కలిసి గులాబీరంగు మడుగయ్యాయి. గాజు సీసాలు చాలావరకు పగిలాయి. డాక్టరుగారు ఆ మడుగు వైపు చూసి, "ఈ వారం వైద్యం లారీకే జరిగింది" అన్నారు. మా ఆయన సిగ్గుపడి, తరవాతి ఆదివారం వెనక కమానులోంచి కొన్ని పట్టీలు తీసేశాడు. బండి మెత్తబడింది, అంత ఇనుమూ తగ్గింది. డాక్టరుగారు సీసాలు మానేసి, పొడులు కాగితం పొట్లాల్లో, మిక్చర్లు రేకు డబ్బాల్లో పెట్టించారు. ఆ పొట్లాలు కట్టే పని నాది.

ఎండాకాలం మొదట్లో ఒక రోజు డ్రైవరన్నయ్య ఒక్కడే ఆ ఊరు వెళ్ళాల్సి వచ్చింది. బడి మాస్టారుకి సున్నం పొడి ఇచ్చి రావాలి. సాయంత్రం తిరిగొచ్చి, బండి నిలిపి, ఇంటికి పోకుండా పానా తీసుకుని బంపరు ముందు కూర్చున్నాడు. నేను గిన్నెలు కడుగుతూ చూశాను. వించి బోల్టులు ఒక్కొక్కటీ విప్పుతున్నాడు. చెయ్యి తుడుచుకుని దగ్గరికి వెళ్ళాను.

"ఏటయ్యింది అన్నయ్యా?"

అతను తల ఎత్తలేదు. "ఆడోళ్ళు తట్టలతో మట్టి మోత్తన్నారు సెల్లెమ్మా. తూము కాడ. మన సెక్రం ఇరగ్గొట్టిన కాడే. ఒక ముసిలమ్మ ఉన్నాది, మా యమ్మంత ఉంటాది. నన్ను సూసి, పక్కకి తప్పుకుని బండికి దారిచ్చినాది. తట్ట నెత్తి మీదే ఉన్నాది."

మళ్ళీ బోల్టు మీద పానా పెట్టాడు. మా ఆయన కార్ఖానా నుంచి వచ్చి ఆ దృశ్యం చూసి, చొక్కా అయినా మార్చుకోకుండా ఎదురుగా కూర్చుని రెండో వైపు బోల్టులు పట్టాడు. కాసేపటికి, "ఇది కొంచెం ఎత్తు బావా" అన్నాడు. "ఎత్తినాను బావా" అన్నాడు డ్రైవరన్నయ్య. నేను లోపలికి వెళ్ళి పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టాను.

ఆషాఢంలో వానలు మొదలయ్యాయి. కట్ట ఎక్కే ముందు డ్రైవరన్నయ్య బండి ఆపి, టైర్లలో కొంత గాలి వదిలాడు. పరుచుకున్న టైరు మట్టిని కోయకుండా నొక్కుతుందని బర్మాలో నేర్చుకున్నదే. తాటాకు టోపీ పెట్టుకుని కాకా ఎదురుచూస్తున్నాడు. లారీ మెల్లగా ఎక్కి, కొంతదూరం పోయి ఆగింది. కాకా గొంతుక్కూర్చుని గాడిలో చెయ్యి పెట్టాడు. వేళ్ళు మునిగాయి. అరచెయ్యి మునగలేదు.

"చాలా తగ్గింది" అన్నాడు. ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. తరవాత తూము వైపు చూశాడు. "కానీ అక్కడ మట్టి కొత్తది, దీదీమణి. అక్కడికి ఇది కూడా ఎక్కువే."

తీయడానికి ఇంకేమీ మిగల్లేదు. మా ఆయన రాత్రనక పగలనక ఆలోచించి తీయగలిగినంతా తీశాడు. డ్రైవరన్నయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తున్నాడు. డాక్టరుగారు తలుపు తెరిచి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని దిగారు.

"సిస్టర్, దిగు. డబ్బాలు కూడా దించు" అన్నారు. "మనమూ బరువే కదా."

అలా ఆ రోజు నుంచి, తిరుగు దారిలో నడవలేని రోగి ఉంటే పనికొస్తుందని, కట్ట మీద లారీ ఖాళీగా ముందు పోయేది. మేము వెనక నడిచేవాళ్ళం. ఊరి ఆడవాళ్ళు కొందరు వచ్చి మందుల డబ్బాలు నెత్తిన పెట్టుకునేవారు. కోసు దూరం, అంటే రెండు మైళ్ళు ఉంటుంది. డాక్టరుగారికి మోకాళ్ళ నొప్పి. నాలుగు ఇళ్ళకోసారి ఆగి ఎవరి వరండాలోనో కూర్చునేవారు. లారీలో పోయినన్నాళ్ళూ ఆ ఇళ్ళు నాకు తాటాకు కప్పులుగానే తెలుసు. ఇప్పుడు లోపలి మనుషులు తెలిశారు. బడి దాకా రాని ముసలివాళ్ళు గుమ్మంలో కూర్చుని నాలుక చాపి చూపించేవారు. కోడళ్ళు తలుపు చాటు నుంచి నా కొంగు పట్టుకుని లాగి, చెవిలో చెప్పేవారు. బడి ఆవరణలో నలుగురి ముందు చెప్పలేని సంగతులవి.

ఒకరోజు కాకా ఇంటి వరండాలో ఆగాం. డాక్టరుగారి కాళ్ళకి బురద అంటితే నీళ్ళ కోసం నేను పెరట్లోకి వెళ్ళాను. పెరటి చివర గొడ్లచావిడికి ఆనించి చిన్న పాక ఉంది. దాని ముందు ఉతికిన గుడ్డపేలికలు వరసగా ఆరేసి ఉన్నాయి. ఇరవై ఏళ్ళ లోపు పిల్ల ఒకతి నన్ను చూసి చటుక్కున లోపలికి పోబోయింది. దగ్గరికి వెళ్తుండగానే వాసన తెలిసింది. నర్సులకి ఆ వాసన తెలుస్తుంది.

నేను కదలకుండా అక్కడే గట్టు మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆ పిల్ల మాట్లాడింది. కాన్పు రోజుల తరబడి కష్టమై బిడ్డ చనిపోయి పుట్టాడు. అప్పటి నుంచి మూత్రం నిలవడం లేదు. అత్తవారు పుట్టింటికి పంపేశారు. కాకా కూతురు. లారీ ప్రతి వారం కట్ట మీద పోవడం పాకలోంచి చూసేదట.

నేను డాక్టరుగారిని పిలిచాను. ఆవిడ వంగి, ఆ పాకలోకి వెళ్ళి చాలాసేపు ఉండి బయటికి వచ్చారు. "లోపల చిరిగింది. కుట్టవచ్చు" అన్నారు. అంత సాదాగా అన్నారు. ఆ పిల్ల నమ్మలేదు. మళ్ళీ చెప్పమంది. ఆవిడ మళ్ళీ అదే మాట అన్నారు.

వరండాలో కాకా తల వంచుకుని కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ మాతో ఎందుకు చెప్పలేదు కాకా?" అన్నాను.

"ఇంటి ఆడపిల్ల సంగతి కట్ట మీద నిలబడి ఎలా చెప్పను తల్లీ" అన్నాడు. "మీరు మా ఇంట్లో ఎప్పుడూ కూర్చోలేదు కదా."

ఆ సాయంత్రం ఆ పిల్ల మాతో బయలుదేరింది. అంత దూరం నడవలేని స్థితి. ఆమెనొక్కదాన్నే లారీలో పడుకోబెట్టి, మేము పక్కన నడిచాం. తూము దగ్గర కాకా చక్రం వెంటే నడిచాడు కానీ ఈసారి కిందకి చూడలేదు. తెరపాల్ వైపే చూస్తున్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరుగారితో చదువుకున్న సర్జను ఆపరేషను చేశారు. మొదటిసారి కుట్టు పూర్తిగా నిలవలేదు. మళ్ళీ చెయ్యాలంటే పుండు మానేదాకా ఆగాలి. ఇంటికి పంపితే మళ్ళీ ఆ పాకే. ఎక్కడ ఉంచాలా అని నేను ఆలోచిస్తుంటే మా ఆయన తన చాప చుట్టుకుని వరండాలోకి వెళ్ళాడు.

"ఆ గదిలో పిల్లని ఉండనీ. నాను ఇక్కడ తొంగుంటాను" అన్నాడు. "కార్ఖానా సప్పుడు కంటే దోమల సప్పుడు నయమే."

నెలలు అలాగే గడిచాయి. ఆ పిల్ల మొదట గది మూలే కూర్చునేది. తన చాప వేరు, గ్లాసు వేరు పెట్టుకునేది. నేను ఆ గ్లాసు తీసి మిగతా వాటితో కలిపేస్తే మళ్ళీ వేరు చేసేది. కొన్నాళ్ళకి నాతో కలిసి మందుల పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. నాకంటే శుభ్రంగా కట్టేది. నేను చేసే చేపల పులుసులో చింతపండు ఎక్కువని, మా ఆయన ముందే ముఖం ముడిచేది. ఆయనకి ఆ పిల్ల మాటల్లో సగం అర్థమయ్యేది కాదు, అయినా ఆమె ఏది చెప్పినా తల ఊపేవాడు.

రెండో ఆపరేషను నిలిచింది. మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం తీసిన మర్నాడు పొద్దున్నే పక్క దుప్పటి మీద చెయ్యి పెట్టి చూసుకుని, నన్ను కూడా చెయ్యి పెట్టి చూడమంది. పొడిగా ఉంది. ఆమె ఏడవలేదు. దుప్పటి మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది. ఆ వార్డులో నేను నిలబడలేక కిటికీ దగ్గరికి వెళ్ళాను.

ఇంటికి దింపడానికి వెళ్ళేటప్పటికి చలికాలం వచ్చేసింది. కట్ట ఎండి తెల్లగా ఉంది. అందరం లారీలోనే కూర్చోవచ్చని డ్రైవరన్నయ్య అన్నాడు. కట్ట మొదట్లో ఆ పిల్ల తెరపాల్ తట్టి బండి ఆపించింది.

"నేను నడుస్తాను" అంది.

కొత్త చీర కట్టుకుని, మా ఇంట్లో కట్టిన పొట్లాల డబ్బా ఒకటి చంకన పెట్టుకుని దిగింది. మేమూ దిగాం. డాక్టరుగారు మోకాలు పట్టుకుని మెల్లగా వచ్చారు. ఆ పిల్ల ముందు నడుస్తూ ప్రతి ఇంటి దగ్గరా ఆగింది. పేరు పెట్టి పిలిచింది. కొన్ని ఇళ్ళలోంచి వెంటనే వచ్చారు, కొన్నిట్లోంచి ఆలోచించి వచ్చారు. ఒక ఇంట్లోంచి ఎవరూ రాలేదు. అక్కడ కూడా ఆమె కాసేపు నిలబడి, ఆ తరవాతే కదిలింది.

కాకా ఇంటికి చేరేసరికి వెనక చిన్న గుంపు అయింది. తల్లి బయటికి వచ్చి, కూతురిని పైనుంచి కిందకి చూసి, లోపలికి వెళ్ళి పెద్ద చాప తెచ్చి వరండా మధ్యలో పరిచింది. ఊరి ఆడవాళ్ళు వచ్చి దాని మీద ఇరుకిరుగ్గా కూర్చున్నారు. మధ్యలో కాస్త చోటు వదిలారు. ఆ పిల్ల డబ్బా కింద పెట్టి, ఆ చోట్లో, ఇద్దరి భుజాల మధ్య కూర్చుంది.